దయచేసి

శుక్రవారం, మూడూ నలభై.
బాయిలర్లు ఆపేశారు, వెనిగర్ వాసన మాత్రం
ఇంకా మెట్లెక్కుతూనే ఉంది.
కిటికీ అవతల, గలీసియా వానలో,
ఆల్చిప్పల తెప్పలు నల్లగా తడిసి
లెక్క తేలని పద్దుల్లా వరసగా నిలబడ్డాయి.

ఫోన్ మోగింది. ఎలాదియో గొంతు.
ఆయనే, అనుమానం లేదు.
చుట్ట పొగ గీరిన ఆ బొంగురు,
అంకె చెప్పేముందు చిన్న దగ్గు,
వెనకాల వ్యాపార సంత రొద.
ఆయన లియాన్ వెళ్ళాడని ఊరంతటికీ తెలుసు.
ఊరికి తెలిసింది దొంగకి తెలీదా?

"ఒబ్దూలియా, రేకుల కంపెనీ ఖాతా మారింది.
లక్షా ఎనభై నాలుగు వేల యూరోలు.
సాయంత్రం లోపు పంపాలి. దయచేసి."

ఇదే సంగతి నిన్న మెయిల్లోనూ వచ్చింది.
ఒకప్పుడు దొంగల ఉత్తరాల్లో
అక్షరాలు కుంటేవి, క్రియలు తడబడేవి,
చదివి నలుగురం నవ్వుకునేవాళ్ళం.
ఇది మా బడి పంతులమ్మ దిద్దినట్టుంది.
మా బిల్లు నంబరు, మా పాత బాకీ,
పోయిన వేసవిలో చెడిపోయిన లారీ సరుకు గొడవ,
అన్నీ తెలుసు దానికి.

అంకెలు కొట్టాను. వేలు మీట మీద ఉంది.
అప్పుడు గొంతులో చేపముల్లులా
అడ్డుపడింది ఆ మాట.
దయచేసి.

ఇరవై రెండేళ్ళు.
నా జీతం పెంచిన రోజు
కాగితం బల్లమీద పడేసి
మోచేత్తో తలుపు మూసుకుపోయిన మనిషి.
మా అమ్మ పోయినప్పుడు
పెట్టెడు డబ్బాలు గుమ్మంలో దింపి
బెల్లు కొట్టకుండానే వెళ్ళిపోయిన మనిషి.

"వెనక్కి ఫోన్ చేస్తాను" అన్నాను.
"అలాగే. పాపం, నీకు శ్రమ ఇస్తున్నాను" అంది గొంతు.

గోడమీద పెన్సిలుతో రాసుకున్న
పాత నంబరు నొక్కాను.
ఆరుసార్లు మోగింది.
"ఏంటి?"
అరిచాడు, కరిచినట్టు.
అమ్మయ్య. ఈయనే.

పండగనాడు రేడియోలో
ఆల్చిప్పల ధర గురించి ఆయన తిట్టిన తిట్లు, మూడు నిమిషాలు.
ఆ మూడు నిమిషాల గుడ్డపేలికతో
నిలువెత్తు మనిషిని కుట్టేశారు.
మర్యాద ఒక్కటే
వాళ్ళ ఇంటినుంచి తెచ్చి కలిపారు.

సోమవారం సాంతియాగో నుంచి ఉషీయా వచ్చింది,
ఇరవై ఆరేళ్ళ పిల్ల, బురద బూట్లతో.
పెద్ద మొత్తానికి రెండు సంతకాలంది.
ఖాతా మారిందన్న ఏ కబురైనా
మనకి ముందే తెలిసిన నంబరుకి చేసి అడగాలంది.
లేబుళ్ళ యంత్రం వెనకున్న ముసలి కంప్యూటర్ని
ఇంటర్నెట్టు నుంచి విడదీసింది.
లెక్కల నకలు డిస్కు తీగ పీకేసి
ఖాళీ రేకు డబ్బాలో పెట్టించింది.
ఆ డబ్బా మీద గడువు తేదీ ఉందని
ఎలాదియో ఒక్కడే నవ్వాడు.

"చెవిని నమ్మకండి" అంది వెళ్తూ వెళ్తూ.
"రేపు అది మర్యాద మానేయడం కూడా నేర్చుకుంటుంది."

అందుకని మా ఇద్దరికీ ఒక మాట కావాలి.
ఎప్పుడూ ఫోన్లో అననిది, ఎక్కడా టైపు చేయనిది.
ఎలాదియో చాలాసేపు వాననే చూశాడు.
కార్టన్ అట్ట చింపి, రాసి,
నా కళ్ళముందు పెట్టి,
నేను చదివాక బాయిలర్లో పడేశాడు.
ఆ మాట ఇక్కడ రాయను,
ఏమీ అనుకోకండి.

గురువారం దీపాలు ఆర్పుతుంటే
తలుపు దగ్గర నిలబడ్డాడు, టోపీ చేతిలో.
నోరు తెరిచాడు, మూశాడు.
మళ్ళీ తెరిచి
ముందు ఆ మాట చెప్పాడు,
సరిగ్గా, ఒక్క అక్షరం తప్పకుండా.
తర్వాత, నేలకేసి చూస్తూ, "థాంక్స్" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు.
పద్ధతి పద్ధతే.
గోడమీది నంబరు నొక్కాను.
ఆయన జేబులో మోగింది.